పాత ఇంటికి పని పెట్టే ముందు

సంక్రాంతికి అందరూ చేరినప్పుడే ఊళ్లో ఉన్న పాత ఇంటి సంగతి చర్చకొస్తుంది. కోనసీమలోనైనా, దివిసీమలోనైనా, కరీంనగర్ పల్లెల్లోనైనా ఇదే వరస. కనుమ నాడు భోజనాలయ్యాక ఎవరో ఒకరు తలెత్తి పైకప్పు చూస్తారు. దూలం పక్కన నల్లటి చార ఒకటి కనిపిస్తుంది. పడమటి గది గోడ మోకాలెత్తు వరకు పెచ్చులూడి ఉంటుంది. రాత్రిపూట పెరట్లోకి వెళ్లలేక అమ్మ అవస్థ పడుతోందని పెద్దమ్మాయి చెబుతుంది. కూల్చేసి డాబా కడదామని ఒకరంటే అమ్మేద్దామని ఇంకొకరంటారు. నాన్న కట్టిన ఇంటి మీద చెయ్యి వెయ్యొద్దని మూడో మనిషి లేచి వెళ్లిపోతాడు. ముక్కనుమ సాయంత్రానికి బస్సులూ రైళ్లూ ఎక్కేస్తారు. తేలకుండా ఉండిపోయిన మాట మళ్లీ సంక్రాంతికే కదులుతుంది. ఈలోపు ఒక వానాకాలం గడుస్తుంది, చార ఇంకాస్త పొడవవుతుంది.

నిజానికి ఇలాంటి ఇళ్లలో చాలావాటిని నిలబెట్టుకోవచ్చు. డబ్బు లేక ఆగిపోయేవి ఉన్నాయి, కాదనలేం. కానీ డబ్బుండీ చెడిపోయే పనులు అంతకంటే బాధ కలిగిస్తాయి. వాటి వెనక రెండు కారణాలు తరచూ కనిపిస్తాయి. ఇల్లు ఎలా కట్టారో తెలుసుకోకుండా గునపం పట్టడం ఒకటి. ఇంటివాళ్లంతా ఒక మాట మీదికి రాకముందే మేస్త్రిని పిలవడం రెండోది.

గోదావరి జిల్లాల మండువా లోగిలి సంగతే చూద్దాం. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. డెల్టాలో వరి పండి, రైతుల చేతుల్లో డబ్బు ఆడాక పెద్ద ఇళ్లు లేచాయి. భద్రాచలం పై అడవుల్లో కొట్టిన టేకు దుంగలను తెప్పలుగా కట్టి గోదారిలో వదిలితే రాజమండ్రికి చేరేవి. బర్మా టేకు రంగూన్ నుంచి ఓడల మీద కాకినాడ రేవుకు వచ్చేది. 1865లో బాసెల్ మిషన్ వాళ్లు మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టాక, అచ్చులో ఒత్తి కాల్చిన బంగాళా పెంకు దక్షిణాదంతా పాకింది. కుమ్మరి చేసిన గూనపెంకుల స్థానంలోకి మెల్లగా అదే వచ్చింది.

ఆ ఇంటి నడిమధ్యన ఆకాశానికి తెరిచిన మండువా ఉంటుంది. చుట్టూ స్తంభాల వసారా, దాని వెనక గదులు. నాలుగు వైపుల నుంచీ కప్పు లోపలికి వాలుతుంది. వాన నీరంతా మండువాలో పడి తూము గుండా పెరట్లోకి పోతుంది. వేడెక్కిన గాలి మండువా మీదుగా పైకి లేస్తుంటే వీధి వైపు నుంచీ పెరటి వైపు నుంచీ చల్లగాలి లోపలికి వస్తుంది. అడుగున్నర, రెండడుగుల మందం గోడలు పగటి ఎండను అంత తొందరగా లోపలికి రానివ్వవు. కరెంటు లేని రోజుల్లో మే నెలను మనుషులు ఆ వసారాల్లోనే గడిపారు.

ఇలాంటి ఇంట్లో కప్పు వాలులు రెండేసి కలిసే మూలలు నాలుగు. నీటి వేగమంతా ఆ మూలల్లోనే. అక్కడ పరిచిన జింకు రేకు తుప్పు పట్టినా, చెత్త అడ్డుపడినా నీరు పెంకుల కిందికి మళ్లుతుంది. అలా మళ్లిన నీరు అక్కడే కారదు. వాసం వెంబడి జారి నాలుగైదు అడుగుల అవతల ఎక్కడో చుక్కగా పడుతుంది. కారిన చోట పెంకు మార్చి ఊరుకుంటే కురుపు మానదు. వాన రోజున అటక ఎక్కి, టార్చిలైటు వేసి, తడి ఎక్కడ మొదలైందో వెనక్కి వెతుక్కుంటూ పోవాలి. పని తెలిసిన మేస్త్రి అంచనా చెప్పే ముందు నిచ్చెన అడుగుతాడు. వీధిలో నిలబడి చూసి లెక్క చెప్పేసే మనిషికి పని అప్పగించకపోవడం మంచిది.

దూలాల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ముదురు టేకు నూరేళ్లయినా చెక్కుచెదరకుండా ఉంటుంది. అయితే గోడలోకి చొచ్చుకుపోయిన కొన చెమ్మ తాగి లోపల్లోపల పొడి అవుతుంది. బయటికి నునుపుగా కనిపించే చోట స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే సంగతి తెలుస్తుంది. మెత్తగా దిగిపోతే అక్కడ కలప పోయినట్టే. అలాగని దూలం మొత్తం దించనక్కర్లేదు. పాడైన కొన కోసేసి, అంతే ముదురు కలపతో అతుకు వేసి, ఇనుప పట్టీలూ బోల్టులతో బిగించే వడ్రంగులు ఇప్పటికీ ఉన్నారు. అంత టేకు ఈరోజు కొనాలంటే దొరకడమే కష్టం. "మొత్తం మార్చేద్దాం సార్" అన్న మాట విన్నప్పుడు, పాత దూలం ఎక్కడికి పోతుందో కూడా అడగాలి.

పెంకులను దించి, కడిగి, పగుళ్లు చూసి మళ్లీ వాడుకోవచ్చు. వేలి కణుపుతో కొడితే ఖంగుమన్నది గట్టిది, మొద్దుగా మోగింది పనికిరానిది. తక్కువ పడినవాటికి కొత్తవి తెస్తే పాతవాటితో అంచులు కలవకపోవచ్చు, ఎందుకంటే ఒక్కో ఫ్యాక్టరీ గాడి కొలత ఒక్కోలా ఉంటుంది. పెంకు అడుగున అచ్చొత్తిన ఫ్యాక్టరీ పేరు చూసి, అదే రకం పెంకులున్న ఇల్లు ఏ ఊళ్లో కూలుస్తున్నారో వాకబు చేసేవాళ్లు తెలివైనవాళ్లు.

ఇక గోడ. పాత ఇళ్ల బాగుచేతలో అన్నిటికంటే ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతోంది కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

ఆ గోడలు మట్టితోనో, గానుగ సున్నంతోనో పేర్చిన ఇటుకవి. సున్నపురాయినో, తీరప్రాంతంలో అయితే నత్తగుల్లలనో ఆల్చిప్పలనో బట్టీలో కాల్చి, నీళ్లు పోసి చల్లార్చి, ఇసుక కలిపి, ఎద్దు తిప్పే రాతి చక్రం కింద గంటల తరబడి నూరేవారు. తెలంగాణలో దాన్నే డంగు సున్నం అంటారు. కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లపు నీళ్లు కలపడం కూడా పాత అలవాటే. ఈ సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొద్దికొద్దిగా పీల్చుకుంటూ మళ్లీ రాయిలా గట్టిపడుతుంది. దానికి నెలలూ ఏళ్లూ పడుతుంది. గట్టిపడ్డాక కూడా అందులో సన్నటి రంధ్రాలు మిగులుతాయి. నేలలోంచి గోడలోకి ఎక్కిన చెమ్మ ఆ రంధ్రాల గుండా ఆవిరై బయటికి పోతుంది. పునాది మీద చెమ్మను ఆపే పొర వేయని రోజుల్లో ఇల్లు పొడిగా ఉండటానికి అదే ఆధారం.

ఇలాంటి గోడకు పెచ్చులూడాయని సిమెంటు పూత పూస్తే ఏమవుతుంది? మొదటి ఏడాది గోడ అద్దంలా ఉంటుంది. కానీ సిమెంటు పూత ఆవిరిని అంతగా వదలదు. లోపల చిక్కుకున్న చెమ్మ దారి వెతుక్కుంటూ పైకి ఎక్కుతుంది. మోకాలెత్తున ఉన్న మచ్చ నడుమెత్తుకు చేరుతుంది. నీటితో పాటు వచ్చిన ఉప్పు పూత వెనక గట్టిపడి దాన్ని బయటికి నెడుతుంది. రెండు మూడేళ్లకు సిమెంటు పలకలు పలకలుగా ఊడుతుంది. ఊడేటప్పుడు పాత ఇటుక మొహాన్ని కూడా పట్టుకుపోతుంది. దాని మీద ఇంకాస్త మందంగా సిమెంటు, దాని మీద నీరు పట్టని పెయింటు. డబ్బు మూడుసార్లు ఖర్చవుతుంది, గోడ మాత్రం మునుపటికంటే పాడవుతుంది.

చేయాల్సింది దీనికి తలకిందులు. ముందు నీరు ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి. చూరు నీళ్లు గోడ మొదట్లోనే పడుతున్నాయా, స్నానాల గది తూము పగిలిందా, గోడకు ఆనించి పూలమొక్కలు పెట్టి రోజూ తడుపుతున్నారా? ఆ సంగతి తేల్చాక సిమెంటు పూత చెక్కేసి, గోడను ఒక ఎండాకాలం ఆరనిచ్చి, మళ్లీ సున్నపు పూతే పూయాలి. పొరలు పొరలుగా, ఒక్కో పొరను నీడలో తడుపుతూ. పైన ప్లాస్టిక్ పెయింటు బదులు సున్నం. ఇది నిదానమైన పని. వారంలో ముగించాలనుకునేవాళ్లకు కుదరదు. సున్నం పని తెలిసిన మేస్త్రులు తగ్గిపోయారన్నది నిజమే. కానీ గుళ్ల మరమ్మతులు చేసేవాళ్లలో వెతికితే దొరుకుతారు.

గోడ చెమ్మకు ఇంకో కారణం ఈమధ్య ఊళ్లన్నిటా కనిపిస్తోంది. వీధిలో సిమెంటు రోడ్డు మీద మళ్లీ రోడ్డు వేస్తూ పోవడంతో ఇల్లు పల్లమైపోయింది. ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్లిన అరుగు ఇప్పుడు రోడ్డుకు సమానంగా ఉంటుంది. వాన పడితే వీధి నీళ్లు గుమ్మం దాటుతాయి. గోదావరి, కృష్ణా డెల్టా పట్టణాల్లో దీనికోసం ఇంటినే పైకెత్తించుకుంటున్నారు. హరియాణా నుంచి వచ్చే బృందాలు ఈ పనికి పేరు పడ్డాయి. పునాది దగ్గర గోడ కింద కొద్దికొద్దిగా తొలిచి, వరసగా జాకీలు పెట్టి, ఒకరు సైగ చేస్తే అందరూ ఒకేసారి ఒక్కో చుట్టు తిప్పుతారు. రెండు మూడడుగులు లేచాక కింద ఇటుక కట్టుబడి నింపుతారు. సిమెంటుతో కట్టిన గట్టి గోడల డాబాకు ఇది పనిచేస్తుంది. మట్టితో పేర్చిన గోడల ఇంటికి మాత్రం ఇంజనీరు చూసి సరేననకుండా ఒప్పుకోకూడదు. అలాంటి ఇంటికి రోడ్డుకూ గోడకూ మధ్య కాలువ తవ్వి నీటిని పక్కకు మళ్లించడం చవక, క్షేమం కూడా.

పాత ఇల్లంటే పెంకుటిల్లే కానక్కర్లేదు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన పదివేల మందికి పైగా పొట్టన పెట్టుకున్నాక, గోదావరికి 1986 ఆగస్టులో వరద వచ్చి భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరాక, స్లాబు వేసిన ఇల్లే ప్రాణానికి భరోసా అన్న నమ్మకం తీరమంతా బలపడింది. అప్పట్లో కట్టిన డాబాలకు ఇప్పుడు నలభై ఏళ్లు దాటుతున్నాయి. వాటి బాధ వేరు. కాంక్రీటులో ఇనుప చువ్వకు తుప్పు పడితే ఆ తుప్పు అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. దాంతో కింది కాంక్రీటు పగిలి పెచ్చులుగా రాలుతుంది. చువ్వ కింద కనీసం 20 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలని నిబంధన. చాలా ఇళ్లలో అంత ఉండదు. తీరం దగ్గర ఉప్పుగాలి తోడైతే చెప్పనక్కర్లేదు.

రాలిన చోట సిమెంటు మెత్తితే చువ్వ కనబడదు, తుప్పు మాత్రం ఆగదు. వదులైన కాంక్రీటంతా కొట్టేసి, చువ్వ చుట్టూ ఖాళీ చేసి, తుప్పు గీకి, సన్నబడిన చువ్వకు తోడుగా కొత్తది కట్టి, తుప్పు ఆపే పూత రాసి, ఆ తర్వాత మరమ్మతుకని తయారుచేసే ప్రత్యేక మిశ్రమంతో నింపాలి. స్లాబు ఎంత పాడైందో బయటి నుంచే కొలిచే పరీక్షలున్నాయి. సుత్తిలాంటి పరికరంతో తట్టి గట్టితనం చూస్తారు, శబ్దతరంగాలు పంపి లోపలి పగుళ్లు పట్టుకుంటారు. పైన ఇంకో అంతస్తు వేద్దామనుకునేవాళ్లు ఈ పరీక్షలతో పాటు పునాది కూడా తవ్వి చూపించుకోవాలి. ఒక అంతస్తు కోసం వేసిన పునాది రెండో అంతస్తు బరువు మోస్తుందన్న హామీ లేదు.

గోడ తీసేసి వంటింటినీ హాలునూ కలిపేయాలన్న కోరిక ఇప్పుడు చాలామందిది. స్తంభాల మీద నిలబడిన కొత్త ఇళ్లలో అది సులువు. పాత ఇళ్లలో కప్పును మోసేదే గోడ. ముందు సపోర్టులు నిలిపి, పైన ఇనుప బీము ఎక్కించాకే కింద ఇటుక కదపాలి. వాస్తు మాట రాకుండా తెలుగింట్లో తలుపు జరగదు కదా, అక్కడా ఇదే సూత్రం: ముందు తేల్చుకున్నాకే ఇటుక కదపాలి. ఈశాన్యంలో మరుగుదొడ్డి వద్దని, ఆగ్నేయంలో పొయ్యి ఉండాలని ఇంటి పెద్దావిడ అనుకుంటే ఆమె మాటకు విలువ ఇవ్వాల్సిందే. సిద్ధాంతినీ ఇంజనీరునూ ఒకే రోజు పిలిపించి, ఒకే కాగితం ముందు కూర్చోబెడితే సగం చిక్కు విడిపోతుంది. పని సగంలో ఉండగా వచ్చిన వాస్తు సలహా మాత్రం కట్టిన గోడను కూలగొట్టిస్తుంది.

చాలా ఇళ్లలో అసలు అవసరం వాస్తు కాదు, స్నానాల గది. అమ్మానాన్నలకు డెబ్బై దాటాక పెరట్లోకి నడక, నేల మీద కూర్చునే దొడ్డి, జారుడు గచ్చు, ఎత్తు గడపలు ప్రమాదాలవుతాయి. అందుకే ఇంటి అందం కోసం దాచిన డబ్బులో మొదటి వాటా దీనికి పోవాలి. పడకగదిని ఆనుకుని కమోడు, గోడకు గట్టిగా బిగించిన పట్టుకమ్మీలు, గరుకు టైల్సు, గడప లేని తలుపు. ఆ తలుపు వెడల్పు 90 సెంటీమీటర్లుంటే రేపు చక్రాల కుర్చీ కూడా లోపలికి వెళ్తుంది. అయితే మట్టిగోడను ఆనుకుని నీళ్ల గది కడితే ఆ గోడ బతకదు. అందుకని పెరటి వసారా చివర విడిగా కొత్త గోడలతో లేపి, పైకప్పుతో ఇంటికి కలపడం మేలు.

కరెంటు పని కూడా ఇలా ముందుచూపుతో చేయాల్సిందే. చెక్కపట్టీల మీద తీగలు లాగిన రోజుల్లో ఇంటికి రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బులు. ఇప్పుడు ఏసీ, గీజరు, మోటారు అన్నీ ఆ తీగల మీదే. తీగలన్నీ మార్చి, ఎర్తు గుంత కొత్తగా తీయించి, మనిషికి షాకు తగిలిన క్షణంలోనే కరెంటు కట్ చేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోవాలి. సున్నం గోడల్లో గాడి కొట్టకుండా పైపులు గోడ మీదే నడిపితే బాగోదని వెనకాడేవాళ్లున్నారు. గోడ బలం కంటే ఆ కంటి ఇబ్బంది పెద్దది కాదు.

పాత తలుపుల మీద పచ్చరంగు గీకి టేకు బయటికి తీయాలన్న సరదా చాలామందికి ఉంటుంది. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగుల్లో ఎంతుందో చూసి చెప్పలేం. పొడిగా గీకితే ఆ దుమ్ము గాలిలో కలిసి పసిపిల్లల ఒంట్లోకి చేరుతుంది, వాళ్ల మెదడు ఎదుగుదలకు సీసం శత్రువు. తడిపి గీకాలి, మాస్కు కట్టుకోవాలి, పిల్లలనూ గర్భిణులనూ ఆ రోజులకు ఇంకో ఇంట్లో ఉంచాలి.

ఇదంతా ఇంటి సంగతి. ఇంటివాళ్ల సంగతి దీనికంటే ముందు తేలాలి.

అన్నదమ్ములు ముగ్గురు, అక్కచెల్లెళ్లు ఇద్దరు ఉన్న కుటుంబాన్ని ఊహించుకుందాం. ఒకరు ఊళ్లో, ఇద్దరు హైదరాబాదులో, ఒకరు విశాఖలో, చిన్నవాడు డల్లాస్‌లో. ఇంటికి పని పెట్టాలంటే అన్నదమ్ములు మాట్లాడుకుని, ఆడపిల్లలకు తర్వాత చెబుదామనుకోవడం చాలా ఇళ్లలో ఇంకా అలవాటుగానే ఉంది. చట్టం అలా చెప్పడం లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచే, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. దేశమంతటికీ వచ్చిన సవరణ 2005 సెప్టెంబరు 9 నుంచి పెళ్లయిందా లేదా అన్న తేడాను కూడా తీసేసింది. 2004 డిసెంబరు 20కి ముందే పద్ధతి ప్రకారం జరిగిన పంపకాలను మాత్రం అది తిరగదోడదు. హక్కు కోసం 2005 నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2005కు ముందు ఇంకో అన్యాయం ఉండేది. కుటుంబం ఉంటున్న ఇంటిని పంచమని అడిగే హక్కు ఆడవాళ్లకు లేదు, మగ వారసులు పంచుకుందామనుకునే దాకా ఆగాల్సిందే. ఆ సెక్షన్‌ను కూడా అప్పుడే రద్దు చేశారు.

నాన్న స్వార్జితమైన ఇల్లయి, వీలునామా లేకపోతే భార్యకూ, కొడుకులకూ, కూతుళ్లకూ సమాన వాటాలు వస్తాయి. నాన్న తల్లి బతికి ఉంటే ఆవిడకూ ఒక వాటా. ఇవన్నీ తగాదా పెట్టుకోవడానికి తెలుసుకోవాల్సినవి కావు. పెళ్లి చేసి పంపిన ఇంటి పైకప్పు గురించి తనను కూడా అడిగారన్న గౌరవం ఆడపడుచుకు దక్కాలంటే తెలుసుకోవాల్సినవి. ఆ ఇంట్లో ఏ గదిలో పొగ నిలుస్తుందో, ఏ మూల పాము తిరుగుతుందో, అమ్మకు అర్ధరాత్రి ఏ గోడ ఆసరా కావాలో తరచూ ఆవిడకే ఎక్కువ తెలుసు.

డబ్బు లెక్క ఇంకా సున్నితం. ఇంటి మీద ఎక్కువ ఖర్చు పెట్టినంత మాత్రాన దానంతట అది వాటా పెరగదు. అమెరికాలో ఉన్నవాడు పది లక్షలు పంపితే అది కానుకా, అప్పా, రేపు పంపకాల్లో మినహాయించుకునేదా? పని మొదలుకాకముందే ఒక కాగితం మీద రాసి అందరూ సంతకాలు పెట్టాలి. "మనలో మనకు కాగితాలేంటి" అన్న మాట ప్రేమతోనే వస్తుంది. ఆ ప్రేమ పదేళ్ల తర్వాత పిల్లల తరంలో కూడా నిలవాలంటే కాగితం ఉండాలి. ఒకరు తమ వాటా వదులుకుంటే హక్కు విడుదల పత్రం రిజిస్టరు చేయించాలి. గ్రామకంఠంలో ఉన్న ఇళ్లకు చాలాసార్లు సరైన పత్రాలే ఉండవు. 2020 ఏప్రిల్ 24న మొదలైన స్వామిత్వ పథకం కింద డ్రోన్లతో కొలిచి యాజమాన్య కార్డులిస్తున్న ఊళ్లలో, ఆ కార్డులో ఎవరి పేరు పడిందో చూసుకున్నాకే పని మొదలుపెట్టడం మేలు. పెంకులు మార్చడానికీ, పూత పూయడానికీ సాధారణంగా అనుమతి అక్కర్లేదు. గది పెంచినా, అంతస్తు వేసినా పంచాయతీ దగ్గరో మున్సిపాలిటీ దగ్గరో ప్లాను పాసు చేయించుకోవాలి.

ఇక ఎప్పుడు మొదలుపెట్టాలి? కప్పు విప్పే పని మృగశిర కార్తెకు ముందే ముగిసిపోవాలి. అందువల్ల సంక్రాంతికి మాట తేలితే, మాఘ ఫాల్గుణాల్లో పని మొదలవ్వాలి. నడుమ మూఢం వస్తే కొంతమంది ముట్టుకోరు. డెల్టాలో దాళ్వా (రెండో పంట వరి) కోతలప్పుడు కూలీలు దొరకరు. ఏప్రిల్, మే ఎండల్లో సిమెంటు పనికి కనీసం పది రోజులు, బూడిద కలిసిన సిమెంటయితే పద్నాలుగు రోజులు విడవకుండా తడపాలి. అలా తడిపే మనిషి ఎవరో కూడా ముందే అనుకోవాలి. ఇవన్నీ కలిపితే మిగిలే రోజులు తక్కువ. ఒకే ఏడాది అన్నీ చేయాలని పట్టుబట్టకుండా మొదటి ఎండాకాలం కప్పూ నీటి దారులూ, రెండో ఏడు గోడలూ కరెంటూ, ఆ తర్వాతే రంగులూ నగిషీలూ పెట్టుకున్న ఇళ్లు బాగా కుదురుకుంటాయి. అనుకున్న మొత్తానికి నూటికి పదిహేను, ఇరవై అదనంగా పక్కన పెట్టుకోవాలి. కప్పు విప్పాక లోపల ఏముందో విప్పేదాకా ఎవరికీ తెలియదు.

ఇంత శ్రమ ఎందుకన్న ప్రశ్నకు జవాబులు చుట్టుపక్కలే ఉన్నాయి. కామారెడ్డి జిల్లా దోమకొండలో ఒక కుటుంబం సొంత ఆస్తి అయిన గడికోటను ప్రైవేటు చొరవతోనే బాగుచేశారు. 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో దానికి అవార్డ్ ఆఫ్ మెరిట్ దక్కింది. తమిళనాడు చెట్టినాడులో బర్మా టేకు స్తంభాల మహాభవనాలు కొన్ని అతిథి గృహాలుగా మారి తమ ఖర్చు తామే సంపాదించుకుంటున్నాయి. వారసులు ఒక మాట మీదికి రాని భవనాల తలుపులూ స్తంభాలూ మాత్రం కారైకుడి పాత సామాన్ల దుకాణాలకు చేరాయి. చెన్నై దగ్గరి దక్షిణచిత్ర మ్యూజియంలో తీరాంధ్ర చుట్టిల్లూ తెలంగాణ నేతగాళ్ల ఇల్లూ చూడొచ్చు. 1996లో తెరుచుకున్న ఆ ప్రాంగణానికి రూపమిచ్చిన వాస్తుశిల్పి లారీ బేకర్ (1917–2007) కేరళలో దశాబ్దాల పాటు కూల్చిన ఇళ్ల తలుపులనూ పెంకులనూ కొత్త ఇళ్లలో వాడి చూపించారు. పాతవి వాడటం పేదరికం కాదని ఆయన పనిని చూసిన ఎవరికైనా అర్థమవుతుంది.

పని నడిచేటప్పుడు కుటుంబమంతా ఆ అనుభవంలో పాలుపంచుకోవాలి. వాట్సాప్ గ్రూపులో రోజూ ఫొటోలు పడితే చాలదు. డల్లాస్‌లో అర్ధరాత్రి అయినప్పుడు ఇక్కడ మేస్త్రి ఇసుకలో నిలబడి జవాబు కోసం చూస్తుంటాడు. అందుకని ఒక మొత్తం వరకు ఊళ్లో ఉన్న మనిషే నిర్ణయించవచ్చని, అంతకు మించితే అందరినీ అడగాలని మొదటే అనుకోవాలి. ఊళ్లో ఉన్నవాళ్లు డబ్బు బదులు తమ రోజులు పెడుతున్నారన్న సంగతి దూరాన ఉన్నవాళ్లు గుర్తించాలి. పిల్లలను సెలవులకు రప్పించి, పాత పెంకులు కడగడంలో, మండువా కొలతలు గీయడంలో కూర్చోబెట్టిన ఇళ్లలో ఆ పిల్లలు పెద్దయ్యాక ఇంటి పేరెత్తితే మొహం తిప్పుకోరు.

ఫొటోలతో పాటు ఒక నోటు పుస్తకం కూడా పెట్టాలి. గునపం పడకముందు ప్రతి గదీ నాలుగు మూలల నుంచీ తీసిన ఫొటోలు, గోడ మూసేముందు పైపులూ తీగలూ టేపు పక్కన పెట్టి తీసిన ఫొటోలు, సున్నంలో ఇసుక ఏ పాళ్లలో కలిపారో, దూలానికి ఏ కొన అతికారో, పెంకులు ఏ ఊరి ఇంటివో, మేస్త్రి, వడ్రంగి, కరెంటు మనిషి పేర్లూ ఫోన్లూ, ఏ రోజు ఎవరికి ఎంత ఇచ్చారో అన్నీ అందులో రాయాలి. ఇంట్లో అమ్మకు తెలిసిన పాత సంగతులు కూడా అందులోకి ఎక్కాలి. ఆ నుయ్యి ఎప్పుడు తవ్వారు, ఏ తుపానుకు కప్పు లేచిపోయింది, 1996 నవంబరు తుపానుకు కొబ్బరి చెట్లు పడినప్పుడు ఏ గదిలో తలదాచుకున్నారు, ఏ గోడ తర్వాత కట్టింది. ఇంజనీరుకు ఈ చివరి మాట ఎంతో పనికొస్తుంది. ఆ పుస్తకం నకలు తలా ఒకటి తీసుకోవాలి. పక్క ఊళ్లో పెదనాన్న పిల్లలు తమ ఇంటికి పని పెట్టినప్పుడు మొదట అడిగేది అదే.

మేస్త్రితో ఒప్పందంలో చివరి వాయిదా గురించి కూడా అందులోనే రాసుకోవాలి. కప్పు పనికి ఇవ్వాల్సిన మొత్తంలో కొంత, మొదటి వానాకాలం గడిచాక ఇస్తామని. జూలైలో ఓ రాత్రి కుంభవృష్టి కురిసి ఈశాన్యం మూల చుక్క పడితే, ఆ మర్నాడే మేస్త్రి నిచ్చెన తీసుకుని వస్తాడు.